కొండ వైపు మంచం

మా ఎదురింటి అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఈ మధ్యే ఊళ్ళోని ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగంలో చేరింది. చేరిన కొద్ది రోజులకే మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చింది. "వచ్చినోళ్ళకి ఏ రూము ఇయ్యాల్నో నాకు అర్థమే కావట్లేదు ఆంటీ. డీలక్స్ అంటారు, ప్రీమియర్ అంటారు, సూట్ అంటారు. ట్రైనింగులో చెప్పినట్టే నేను చెప్తే మొహం చిట్లించుకుంటారు" అని వాపోయింది. కాఫీ కలిపి చేతికిచ్చి, ఆ పిల్లకి ఒక మంచం కథ చెప్పాను. అలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉంటారు కదా అని అదే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయను. అందరూ చల్లగా బతికే ఉన్నారు, కొందరు పండగలకి నాకు ఫోన్ కూడా చేస్తారు.

నేను చిత్తూరులో పుట్టాను. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో టెలిఫోన్ ఆపరేటరుగా నా ఉద్యోగం మొదలైంది. ఆ లాడ్జిలో గదులు రెండే రకాలు. ఒకటి ఖాళీగా ఉన్నది, ఇంకొకటి ఖాళీగా లేనిది. ఖాళీగా ఉన్న గది తాళంచెవి చేతిలో పెడితే వచ్చినవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు. కొండ నుంచి దిగి, గుండ్లకు గంధం పూసుకుని, నిద్ర కళ్ళతో వచ్చే జనానికి నడుం వాల్చే చోటు దొరికితే చాలు. కిటికీలోంచి ఏం కనబడుతుందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగినా చెప్పడానికి చాలా గదులకు కిటికీలే లేవు.

తర్వాత పెద్ద హోటళ్ళు వచ్చాయి. బయటి ఊరి కంపెనీ ఒకటి బైపాస్ రోడ్డు పక్కన అద్దాల మేడ కట్టి మనుషుల కోసం వెతుకుతుంటే నేను అందులో చేరాను. తెలుగు, తమిళం, కన్నడం వచ్చునని తీసుకున్నారు. చీర కట్టు దగ్గర నుంచి నవ్వే తీరు దాకా మళ్ళీ నేర్పించారు. చివరికి ఫ్రంట్ ఆఫీసు మేనేజరుగా అక్కడే పదవీ విరమణ చేశాను. ఏ అతిథికి ఏ గది ఇవ్వాలన్నది చాలా ఏళ్ళు నా చేతిలోనే ఉండింది.

ఆ హోటల్లో మేం అమ్ముకునే అసలు సరుకు కొండే. కారిడార్‌కి ఉత్తరం వైపున్న గదుల్లో గోడంత అద్దం ఉంటుంది, అద్దం నిండా ఏడుకొండలు. అవి ప్రీమియర్ గదులు, వాటి ధర ఎక్కువ. దక్షిణం వైపు గదుల్లోంచి రోడ్డు, రైలు పట్టాలు, ఆటోలు కనబడతాయి. అవి డీలక్స్ గదులు, ధర తక్కువ. పై అంతస్తులో కొన్ని సూట్లు ఉండేవి, అవి పెళ్ళివాళ్ళకో కంపెనీ యజమానుల చుట్టాలకో పోయేవి. ఇంటర్నెట్‌లో మా హోటల్ పేజీ తెరిస్తే మొదట కనిపించే ఫోటోలో తెల్లటి మంచం, దాని ఎదురుగా కొండ, కింద ఒక వాక్యం ఉండేవి. కళ్ళు తెరవగానే ఏడుకొండలు అని ఆ వాక్యం. బొంబాయిలో ఎవరో రాశారట. రాసిన మనిషి ఆ మంచం మీద పడుకుని ఉండడని మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

ఎందుకంటే ఆ వాక్యం నిజం కావడం కోసం మంచాన్ని సరిగ్గా అద్దానికి ఎదురుగా వేశారు. తలాపి దక్షిణం గోడకు, కాళ్ళు ఉత్తరానికి. తిరుపతిలో ఉత్తరం అంటే కొండ. అంటే రాత్రంతా స్వామి వైపు కాళ్ళు చాపుకుని పడుకోవాలన్నమాట. పోనీలే అని దిండ్లు ఇటు నుంచి అటు మార్చుకుంటే తల ఉత్తరానికి వస్తుంది. ఉత్తరానికి తల పెట్టుకుని ఎవరిని పడుకోబెడతారో మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇటు పాపం, అటు అపశకునం. చవక గదుల్లో స్థలం సరిపోక మంచాన్ని పక్క గోడకు వేశారు కాబట్టి అక్కడ తల చక్కగా తూర్పుకు వచ్చింది. మా హోటల్లో కొండ కనబడే గదిలో నిద్ర పట్టదు, నిద్ర పట్టే గదిలో కొండ కనబడదు.

మరి కట్టేటప్పుడు వాస్తు చూడలేదా అని మీరు అడగవచ్చు. బ్రహ్మాండంగా చూశారు. గేటు చూశారు, వంటిల్లు చూశారు, డబ్బు కట్టే కౌంటరు ఎటు తిరగాలో చూశారు. పూజ చేసి, ఆవును తెచ్చి లాబీలో తిప్పారు. ఆ పాలరాయి మీద జారకుండా ఆవు నడవడానికి పడ్డ అవస్థ నా కళ్ళారా చూశాను. కానీ పూజనాటికి మంచాలు రాలేదు. అవి లారీలో అన్నింటికన్నా చివర వచ్చాయి. అప్పటికి పంతులుగారు సంభావన తీసుకుని వెళ్ళిపోయారు.

మొదటి నెల నుంచే గోల మొదలైంది. గోల అంటే అరుపులు కాదు, మనవాళ్ళు అరవరు. కొండ వైపు గది తీసుకున్న కుటుంబం గంటలో కిందికి దిగి వచ్చేది. ఇంటాయన కౌంటరు దగ్గర నిలబడి కాసేపు నీళ్ళు నమిలి, "ఏసీ రొంత ఎక్కువగా ఉండాది మేడమ్, అవతల తట్టు గది ఉంటే ఇస్తారా" అనేవాడు. ఇంకొకరు ఎండ కళ్ళల్లో కొడుతోందనేవారు. ఒకావిడ అద్దం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పింది. అసలు సంగతి ఒక్కరూ నోరు తెరిచి చెప్పేవాళ్ళు కాదు. ఇంత డబ్బు పోసి కట్టుకున్నారు, మంచాలు తప్పుగా వేశారని మొహం మీద ఎలా అంటాం అన్న మొహమాటం. వాళ్ళకు సంగతి తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. నేను నవ్వి, కంప్యూటర్లో కారణం ఏసీ అని కొట్టి, రోడ్డు వైపు గది ఇచ్చేదాన్ని.

దీని ఫలితం ఏసీల మీద పడింది. మా జనరల్ మేనేజరు ఉత్తరాది మనిషి. పద్ధతి గలవాడు. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు, కానీ లెక్క తేలేదాకా వదిలేవాడూ కాదు. కొండ వైపు గదుల్లోనే ఏసీ మీద ఇన్ని ఫిర్యాదులు ఎందుకని కంపెనీ మెకానిక్కుల్ని చెన్నై నుంచి పిలిపించాడు. వాళ్ళు వచ్చి విప్పి చూసి అంతా బాగానే ఉందని చెప్పి వెళ్ళారు. మళ్ళీ పిలిపించాడు. ఆఖరికి ఒక అంతస్తులో ఏసీలు మొత్తం మార్పించేశాడు. కొత్త ఏసీల మీద కూడా ఫిర్యాదులు వచ్చేసరికి తల పట్టుకున్నాడు. నేను ఒకటి రెండుసార్లు అసలు విషయం కదపబోయాను. "మేడమ్, మంచం ఎదురుగా కొండ అనేదే మన హోటల్" అని ఆయన ఆ ఫోటో వైపు చూపించేవాడు. ఆ ఫోటో ఆయన వెనక గోడ మీద ఉండేది. ఆయన మాత్రం రోడ్డు వైపు గదిలోనే కాపురం ఉండేవాడు, మంచి గదులు అతిథులకు వదలాలని.

ఆ ఫోటో ఉంది కాబట్టి గదిలో ఏదీ అంగుళం కదలడానికి వీల్లేదు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు ఒకాయన ఉండేవాడు, సత్యవేడు దగ్గరి మనిషి. గదులు ఊడ్పించి, దుప్పట్లు మార్పించి, సర్దించే పని అంతా ఆయనదే. సగం తెలుగు, సగం అరవం. మంచాన్ని కట్టిలు అనేవాడు. దుప్పటి మీద ముడత కనబడితే తన చొక్కా మీద మరక పడ్డట్టు బాధపడేవాడు. దిండ్లు కాళ్ళ వైపు ఉన్నాయని పొద్దున్నే రూము పిల్లలు వచ్చి చెబితే, "ఆడనే పెట్టండప్పా మళ్ళా, మనకేల" అని తలాపికి సర్దించేవాడు. మనకేల అన్నది ఆయన మాటే అయినా, హోటల్ మొత్తం దాని మీదే నడిచేది.

అలా నడుస్తుండగా ఒకనాడు మధ్యాహ్నం ఐరాల వైపు నుంచి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆయనకు అరవై లోపు ఉంటాయి, మామిడి తోట ఉన్న రైతు. తెల్లచొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. ఆవిడ నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దదేమో. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి పీల్చుకునేది. మేనల్లుడు ఫోన్లో చూసి కొండ వైపు గది బుక్ చేసి పెట్టాడని ఆయన ఫోన్ చూపించాడు. తాళం కార్డు ఇస్తూ అలవాటుగా ఆవిడ మొహం చూశాను. రోడ్డు వైపు గది కావాలా అని అడగబోయాను. అంతలో ఆయనే, "కొండ బాగా కనిపిస్తాది కదా మేడమ్" అని రెండుసార్లు అడిగాడు. అంత ఆశగా అడుగుతుంటే కార్డు ఆయన చేతిలో పెట్టేశాను.

ఇంకా టీ తాగడం కూడా అయి ఉండదు, లిఫ్టు తలుపు తెరుచుకుని ఆవిడ ఒక్కతే బయటికి వచ్చింది. వచ్చి లాబీలో సోఫా మీద కూర్చుంది. వెనకాలే బ్యాగు పట్టుకుని ఆయన. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఏమైంది అక్కా, ఏసీ ఎక్కువగా ఉండాదా?" అని అడిగాను. నా నోటికి అలవాటైపోయింది కదా.

ఆవిడ నా వైపు సూటిగా చూసింది. "ఏసీకి ఏమొచ్చె. మంచం ఎవురేసిరమ్మా ఆడ? కాళ్ళు సామి తట్టు పెట్టల్ల, లేకుంటే తల ఉత్తరానికి పెట్టల్ల. రేపు ఆపరేషన్‌కి పొయ్యేదాన్ని, నన్ను ఉత్తరానికి తల పెట్టుకోమంటా ఉండారా?"

ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అన్న మొదటి మనిషి ఆవిడే. నాకు ఒక పక్క సిగ్గేసింది, ఇంకో పక్క హమ్మయ్య అనిపించింది.

ఆయన నన్ను పక్కకు పిలిచి సంగతంతా చెప్పాడు. ఆవిడ గుండెలో వాల్వు చెడిపోయింది, మార్చాలి. ఇంతకుముందు ఒకసారి ఇక్కడి పెద్దాసుపత్రిలోనే చేరింది. ఆపరేషన్‌కి ముందు రాత్రి కంటి మీద కునుకు లేక, భయంతో బీపీ ఎక్కడికో పోయి, డాక్టర్లు వద్దని ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఆవిడ ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. నెలల తరబడి బతిమాలితే, కొండకు పోయి స్వామిని చూసి వస్తేనే చేయించుకుంటానంది. క్యూలో నిలబడకూడదు, కొండ ఎక్కకూడదు అని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది. ఆపరేషన్‌కి పోయే రోజు పొద్దున కళ్ళు తెరవగానే మొదట కొండే కనబడాలి, ఇంకేదీ కనబడకూడదు, అలాగైతే వస్తానంది. మేనల్లుడు ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే మా బొంబాయివాడు రాసిన వాక్యం దొరికింది.

"రేపు పొద్దన్నే ఆస్పత్రిలో చేర్చుకుంటారు మేడమ్. ఈ రాత్రి ఆయమ్మ నిద్రపోవల్ల. నిద్రపోకుంటే మళ్ళా బీపీ. ఈ తూరి కానీ ఊరికి బస్సెక్కిందా, ఇంగ రాదు" అన్నాడు. చొక్కా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆవిడ అప్పటికే, "బస్టాండుకి ఆటో పిలువు బ్బా" అంటోంది.

ఆ రోజు సూట్లన్నీ చెన్నై పెళ్ళివాళ్ళతో నిండిపోయి ఉన్నాయి. నా చేతిలో ఉన్నవి కొండ వైపు ఆ గది, ఎదురుగా రోడ్డు వైపు ఇంకొకటి. రెండు గదులూ తీసుకోండి, ఇక్కడ నిద్రపోయి తెల్లవారగానే కళ్ళు మూసుకుని ఆ గదిలోకి నడిచి వచ్చి అక్కడ తెరవండి, రెండో దానికి డబ్బు వద్దు అన్నాను. అది నాకు చాలా గొప్ప ఉపాయంలా తోచింది.

"కండ్లు మూసుకొని ఈయప్ప చెయ్యి పట్టుకొని నడస్తే ఆడ్నే పడి కాలు కూడా ఇరగ్గొట్టుకుంటా. అప్పుడు డాక్టరుకి రెండు పన్లు" అంది ఆవిడ.

పోనీ మంచానికి అడ్డంగా పడుకోమందామా అంటే, అది రెండు చిన్న మంచాలు కలిపి వేసిన పెద్ద మంచం. అడ్డంగా పడుకుంటే నడుం సరిగ్గా సందులో పడుతుంది. కింద పరుపు వేయమందామంటే డాక్టరు ఆవిడను నేల మీద నుంచి లేవకూడదన్నాడు. నేను ఇలా గిజగిజలాడుతుంటే మంచం రెండు ముక్కలన్న సంగతి దగ్గర నా బుద్ధి ఆగింది, విడదీసి ఒకదాన్ని పక్కకు తిప్పితే చాలు కదా. వాళ్ళిద్దరినీ మళ్ళీ పైకి తీసుకెళ్ళి, సత్యవేడు ఆయనకు ఫోన్ చేసి ఆ గదికి రమ్మన్నాను.

ఆయన గదిలోకి వచ్చి విని, తలుపు వైపు ఒకసారి చూశాడు. "మేడమ్, రేపు హెడ్డాఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ ఉండాది. ఫోటో పెట్టుకొని ఒక్కో రూమూ చూస్తారు. కట్టిలు తిప్పినామని తెలిస్తే నా చీటీ చిరుగుతాది. నాకు ఇద్దురు ఆడపిల్లలు చదువుకుంటా ఉండారు."

"నేను తిప్పమన్నానని చెప్పు."

"మీకేమి మేడమ్, మీరు ఇంగ్లీషులో చెప్పుకుంటారు. నేనేం చెప్పుకునేది?"

అది నిజమే. నాకు కోపం వచ్చింది, కానీ ఆయన మీద కాదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆవిడ అప్పటిదాకా మా మాటలు వింటోంది.

"వద్దులే నాయనా. నా ఒక రాత్రి నిద్రకి నీ కూడు పోగొట్టుకోవద్దు. మేము ఊరికి పోతాము" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే లేచి నిలబడింది, గోడ పట్టుకుని.

సత్యవేడు ఆయన ఆవిడ ఊపిరి పీల్చుకునే తీరు చూశాడు. బూట్లు విప్పి తలుపు పక్కన పెట్టాడు. దుప్పట్లు తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద వేశాడు. రైతు పంచె ఎగగట్టి రెండో వైపు పట్టుకున్నాడు. రెండు మంచాలనూ విడదీశారు. ఒకదాన్ని తిప్పి తలాపి తూర్పు గోడ వైపు వచ్చేటట్టు, అద్దానికి వారగా వేశారు. ఆవిడ కుర్చీలోంచి, "ఇంగ రొంత ఇట్ల, ఆ సాలు" అని పొలంలో నీళ్ళకు మడవ తిప్పిస్తున్నట్టు చెబుతూనే ఉంది. మంచం కాలు నేల మీద కీచుమంది.

ఆ చప్పుడికే అనుకుంటాను, ఇన్‌స్పెక్షన్ కోసం అంతస్తులన్నీ చూసుకుంటూ వస్తున్న జనరల్ మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బూట్లు లేని సూపర్‌వైజరు, పంచె ఎగగట్టిన అతిథి, విడిపోయిన మంచం, చెమటతో నేను.

ఆయన ఇంగ్లీషులో అడిగినదీ నేను ఇంగ్లీషులో చెప్పినదీ తెలుగులోనే రాస్తాను. ఇదేమిటని అడిగాడు. ఇక దాచేందుకు ఏముంది. కాళ్ళ సంగతి చెప్పాను, తల సంగతి చెప్పాను, ఆవిడ ఆపరేషన్ చెప్పాను. ఎలాగూ నోరు తెరిచాను కదా అని ఏసీ సంగతి కూడా చెప్పేశాను. ఇన్నేళ్ళూ ఏ గదిలోనూ ఏసీ పాడవలేదు సార్ అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే పోయింది, లాడ్జిలో టెలిఫోన్ ఎత్తడం మళ్ళీ చేతకాదా అని కూడా అనుకున్నాను.

"ఆయన ఏమంటాడమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"ఇంకా ఏమీ అనలేదక్కా."

ఆవిడ ఆయన వైపు తిరిగి, తెలుగు వస్తుందో రాదో కూడా చూడకుండా అడిగింది. "నాయనా, మీ అమ్మ ఈడికి ఎప్పుడన్నా వచ్చిందా?"

ఆయనకు అమ్మ అన్న మాట అర్థమైంది, వచ్చిందా అన్నదీ అర్థమైంది. నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాడు. మంచం వైపు చూశాడు, అద్దంలోంచి కొండ వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో నాతో అన్నాడు. వాళ్ళమ్మ దర్శనానికి వచ్చినప్పుడు ఆమెకు కొండ వైపు గదుల్లో అన్నింటికన్నా మంచిది ఇచ్చాడట. ఉన్న రోజులన్నీ ఆమె నేల మీదే పడుకుంది. ఏమ్మా అంటే నడుం నొప్పి బాబూ, మెత్తటి పరుపు పడదు అందట. ఆ మాట నమ్మి ఆయన వాళ్ళ ఊళ్ళో ఆమెకు గట్టి పరుపు కొనిచ్చాడు, నడుం డాక్టరుకు కూడా చూపించాడు. డాక్టరు నడుం బాగానే ఉందన్నాడట.

ఇది నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "కొడుకు హోటలు కదా, తప్పు అని ఎట్ల అంటాది" అంది.

ఆయన గదిలోకి నడిచి వచ్చి తిప్పిన మంచం తలాపి దగ్గర గోడ మీద చెయ్యి పెట్టాడు. "ఇక్కడ దీపం లేదు. రాత్రి లేవాల్సి వస్తే ఆమెకు చీకటి. టేబుల్ ల్యాంపుకి పొడవాటి వైరు తెప్పించండి" అని సూపర్‌వైజరుతో అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. సత్యవేడు ఆయన బూట్లు వేసుకున్నాడు, ఎడమ కాలిది కుడి కాలికి.

నేను కిందికి దిగేటప్పుడు లిఫ్టు దగ్గర జనరల్ మేనేజరు ఫోన్లో మాట్లాడుతూ కనిపించాడు, వాళ్ళ భాషలో. నన్ను చూసి ఫోన్ పక్కకు తీసి, "అమ్మ నవ్వుతోంది. ఇప్పుడు తెలిసిందా అంటోంది" అన్నాడు. ఆయన మాత్రం నవ్వడం లేదు. ఏసీలు మార్పించిన డబ్బు గుర్తొచ్చి కాదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వచ్చేసరికి వాళ్ళు ఆసుపత్రికి బయలుదేరుతున్నారు. ఆవిడ తల దువ్వుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, ముందురోజు కంటే నిదానంగా నడుస్తోంది.

"నిద్రపట్టిందా అక్కా?"

"కుడిపక్కకి తిరుక్కొని పడుకుంటే కొండ మీద దీపాలు కనిపిస్తా ఉండె. సూస్తా సూస్తా ఎప్పుడు నిద్రపోయినానో తెలీదు. ఈయప్ప గురకకి కూడా మెలకువ రాలే."

"లేస్తానే ఏం కనిపించింది?"

"లేస్తానే కొండే. దానెనకే ఈయప్ప మొకం" అంది. ఆయన బ్యాగు పట్టుకుని పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయనే హోటల్‌కు ఫోన్ చేసి చెప్పాడు. ఇన్‌స్పెక్షన్ కూడా జరిగింది. ఆ గది తలుపు తెరిచి మంచం ఇలా ఎందుకుందని వాళ్ళు అడిగితే, జనరల్ మేనేజరు అతిథి కోరిక అని ఒక్క మాట చెప్పి తర్వాతి గదికి నడిచాడట. మంచాలన్నీ తిప్పేద్దామని హెడ్డాఫీసుకు రాశాడు. ఫోటో మార్చడం కుదరదని జవాబు వచ్చింది. అప్పుడాయన మా కౌంటరు దగ్గర ఒక పద్ధతి పెట్టాడు. కొండ వైపు గది అడిగినవాళ్ళను, తల ఎటు పెట్టుకుంటారు, మంచం తిప్పించమంటారా అని ముందే అడగాలి. కొత్తగా చేరిన పిల్లలకు మొదట్లో ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుగా ఉండేది. కానీ అడిగినప్పుడు వచ్చినవాళ్ళ మొహాల్లో వెలుగు చూసి వాళ్ళ సిగ్గు పోయింది. ఏసీ ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. అమెరికా వాళ్ళు, ఢిల్లీ వాళ్ళు కొందరు ఫోటోలో ఉన్నట్టే కావాలనేవాళ్ళు, వాళ్ళకు అలాగే ఇచ్చేవాళ్ళం. అందులో మాకేం బాధ లేదు.

ఎదురింటి అమ్మాయికి నేను చెప్పదలచుకున్నది ఇంతే. గదుల రకాలు కంపెనీ పెడుతుంది, వాటి పేర్లు నేర్చుకోవడం కష్టం కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏ రకమైన నిద్ర కోసం వచ్చాడన్నది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. వాళ్ళూ చెప్పరు. ఏసీ అంటారు, ఎండ అంటారు, నడుం నొప్పి అంటారు. మనల్ని నొప్పించకూడదని మన అతిథులు చెప్పే అబద్ధాలు అవి. వాటిని నమ్మేసి ఊరుకోవడం మనకు సుఖంగానే ఉంటుంది. ఇంకొక్క మాట అడగడమే మన పని.

కొన్ని నెలల తర్వాత ఆ దంపతులు మళ్ళీ వచ్చారు. నేను మొదట గుర్తుపట్టలేదు. ఆవిడ నున్నటి గుండు మీద గంధం పూసుకుని, ఆగకుండా లాబీ అంతా నడిచి కౌంటరు దగ్గరికి వచ్చింది. డాక్టరు ఒప్పుకున్నాడట, కొండకు పోయి, తల నీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని దిగి వచ్చారు. నేను ఆత్రంగా కంప్యూటర్లో కొండ వైపు గది చూస్తుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దు. కొండని సూసొచ్చినాము కదా. ఇంగ రోడ్డు తట్టు గదే ఇయ్యమ్మా, హాయిగా నిద్రపోతాము" అంది. తర్వాత సంచిలోంచి లడ్డు తీసి, "ఇది ఆ సారుకి. సారుకి కాదు, వాళ్ళమ్మకి" అంది.

నేను లడ్డు పట్టుకుని జనరల్ మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన లేచి నిలబడి రెండు చేతులా అందుకున్నాడు. అమ్మ వచ్చే వారమే వస్తోందని, ఆమె చేతికే ఇస్తానని చెప్పాడు. "అయితే అమ్మగారికి రోడ్డు వైపు గది రాయమంటారా సార్?" అని అడిగాను.

"నేనూ అదే అనుకున్నాను. కానీ ఈసారి ఆమెనే అడిగాను" అన్నాడు.

"ఏమన్నారు?"

"కొండ వైపు గదే కావాలట. పోయినసారి నేల మీద పడుకుంటే మంచం అడ్డమొచ్చి కొండ కనబడలేదట."

వాళ్ళమ్మ వచ్చే రోజు మధ్యాహ్నం సత్యవేడు ఆయన మంచం తిప్పడానికి పైకి వెళుతుంటే నేనూ వెళ్ళాను. జనరల్ మేనేజరు అప్పటికే అక్కడ ఉన్నాడు. కోటు తీసి కుర్చీకి వేసి, బూట్లు విప్పి తలుపు పక్కన పెట్టి, మంచానికి ఒక వైపు పట్టుకుని మా కోసం ఎదురుచూస్తున్నాడు.